బానెట్ కోసి వెంట్ పెట్టాలనుకుంటున్నా, ఇంట్లోనే. చేసినవాళ్ళు చెప్పండి

రేవుకారు | మే 9, రాత్రి 9:20

అందరికీ నమస్కారమండి. నాది 2006 మోడల్ మారుతీ ఎస్టీమ్ కారు, పెట్రోలు. మాది సఖినేటిపల్లి వైపు. పని మీద వారానికి నాలుగైదు సార్లు పంటు (బండ్లని గోదావరి దాటించే బల్లకట్టు) ఎక్కి అవతల నరసాపురం వెళ్ళాలి. చిక్కంతా రేవులోనే. పంటు అవతలి ఒడ్డున ఉంటే ఇరవై నిమిషాలు, ఒక్కోసారి అరగంట ఎండలో ఆగాలి. ఏసీ వేసుకుని కూర్చుంటే వేడి ముల్లు సగం దాటి మెల్లగా పైకి పాకుతుంది. మొన్న ఎరుపు గీత దగ్గరదాకా వెళ్ళింది. ఏసీ ఆపేసి, హీటర్ తిప్పి, అద్దాలు దించి, పక్క సీట్లో నాన్నగారి చేత తిట్లు తింటూ పంటు ఎక్కాను. చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళినప్పుడు రోడ్డు మీద పరవాలేదు గానీ, ఏసీతో నలుగురం ఎక్కితే అప్పుడూ కొంచెం లేస్తోంది.

ఆన్‌లైన్‌లో ప్లాస్టిక్ వెంట్లు (బానెట్ కంతకి బిగించే గాలి జాలీలు) జత దొరుకుతున్నాయి. బానెట్ వెనకవైపు, అద్దం దగ్గర రెండు పెడదామని అనుకుంటున్నా. వేడి గాలి వెనక్కే పోతుంది కదా అని. ఇంట్లో నాలుగంగుళాల గ్రైండర్ ఉంది. ఎలా కోయాలి, ఏ బిళ్ళ వేయాలి?

గట్టురోడ్డు రేసర్ | మే 9, రాత్రి 9:31

అన్నా, వెంట్ ఎందుకు, ముందుకి నోరు తెరిచిన స్కూప్ పెట్టించు. లుక్ అదిరిపోద్ది.

లప్పం మేస్త్రి | మే 9, రాత్రి 10:05

బాబూ రేవుకారూ, ముందు ఆ గ్రైండర్ ప్లగ్గు పీకి లోపల పెట్టండి. పాలకొల్లులో టింకరింగ్ పని ఇరవై ఎనిమిదేళ్ళుగా చేస్తున్నాను. నా దగ్గరికొచ్చే బానెట్లలో సొంతంగా కోసి తెచ్చినవి ఏడాదికి రెండు మూడుంటాయి. అన్నిట్లోనూ ఒకటే తప్పు: పైనుంచి చూసి కోస్తారు.

బానెట్ ఒక్క రేకు కాదు. పైన నునుపు రేకు, కింద పక్కటెముకల్లాంటి అచ్చు రేకు, రెండూ అంచుల్లో మడిచి కలిపి ఉంటాయి. బలమంతా కింది దానిదే. పైనుంచి కోస్తే ఎముక ఎక్కడ తెగిందో మీకు తెలియదు. 80లో వెళ్తుంటే ముందు లాక్ మీద బానెట్ లాగుతూ ఉంటుంది. లాక్ దగ్గర ఎముక తెగితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

ఒక్కసారి బానెట్ ఎత్తి కిందివైపు ఫోటో పెట్టండి. లోపల అతికించిన గుడ్డ ఉంటే క్లిప్పులు తీసి పెట్టండి.

మిల్లు బ్లోవర్ | మే 9, రాత్రి 10:48

మండపేట వైపు రైస్ మిల్లులో బ్లోవర్లు, డ్రయ్యర్లు చూస్తుంటాను. గాలి సంగతి కాబట్టి ఆగలేక అడుగుతున్నా.

రేడియేటర్‌లో ఏ నీళ్ళు పోస్తున్నారు? ఏసీ వేసినప్పుడు ముందున్న ఫ్యాన్లు రెండూ తిరుగుతున్నాయా? రేడియేటర్‌కీ బంపర్‌కీ మధ్య సందుల్లో రబ్బరు పట్టీలు, ఫోము ఉన్నాయా, ఊడిపోయాయా? రేడియేటర్ మూత చివరిసారి ఎప్పుడు మార్చారు?

ఇవి చెప్పకుండా బానెట్ కోస్తే, పొయ్యిలో ఊక ఎక్కువైందని వదిలేసి పొగగొట్టం ఎత్తు పెంచినట్టు ఉంటుంది.

రేవుకారు | మే 10, ఉదయం 7:12

మేస్త్రిగారూ, ఫోటో పెట్టానండి. మిల్లుగారూ, నీళ్ళంటే ఇంటి మోటారు నీళ్ళే. మా వైపు బోరు నీళ్ళు కొంచెం ఉప్పగానే ఉంటాయి. కూలెంట్ పోయించి మూడేళ్ళయింది, తగ్గినప్పుడల్లా నీళ్ళు పోసుకుంటూ వచ్చాను. ఫ్యాన్లు చూడలేదు. మూత ఎప్పుడూ మార్చలేదు. మార్చాలని తెలీదు.

యానాం టాక్సీ | మే 10, ఉదయం 7:30

ఉప్పు నీళ్ళా బాబూ! ఇంక బానెట్ మాట మర్చిపో.

మిల్లు బ్లోవర్ | మే 10, రాత్రి 9:15

కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపికగా చదవండి.

తీరానికి దగ్గర్లో బోరు నీళ్ళలో ఉప్పు, సున్నం రెండూ ఎక్కువ. వేడెక్కిన కొద్దీ ఆ సున్నం రేడియేటర్ సన్న గొట్టాల లోపల పొరలా పట్టేస్తుంది. వేడినీళ్ళ గిన్నె అడుగున తెల్లగా పేరుకుంటుందే, అదే. ఆ పొర లోహంలా వేడిని వదలదు. పైగా ఉప్పు అల్యూమినియాన్ని తినేస్తుంది. మీ ఇంజిన్ హెడ్డు అల్యూమినియం, గట్టిగా వేడెక్కితే వంకరపోతుంది. ఆ ఖర్చు ముందు బానెట్ ఖర్చు లెక్కలోకి రాదు.

మూత సంగతి. నీళ్ళు 100 డిగ్రీలకి మరుగుతాయి. మూత 0.9 బార్ (బయటి గాలి ఒత్తిడి మీద ఇంకా దాదాపు అంత) ఒత్తిడి పట్టి ఉంచితే అవే నీళ్ళు 118 దాకా మరగవు. రబ్బరు ఎండిపోయి మూత ఒత్తిడి వదిలేస్తే ఆ పద్దెనిమిది డిగ్రీలూ పోయినట్టే. వేడి మీద మాత్రం తీసి చూడకండి, మొహం కాలుతుంది.

ఆగి ఉన్నప్పుడే వేడెక్కుతోంది అంటే మొదటి అనుమానం ఫ్యాను. రెండోది సందులు. బండి ఆగి ఉంటే ఫ్యాన్ వదిలిన వేడి గాలి కింద నుంచి తిరిగి బంపర్ ముందుకొచ్చి మళ్ళీ రేడియేటర్‌లోకే దూరుతుంది. ఫోము పట్టీలు ఉండేది దాన్ని ఆపడానికే. గారేజీల్లో బంపర్ విప్పినప్పుడు అవి పారేసి మళ్ళీ పెట్టరు.

ఇక వెంట్. వెంట్ అనేది గాలి బయటికి పోయే దారి మాత్రమే. రేడియేటర్ గుండా గాలి వెళ్ళాలంటే ముందు ఒత్తిడి ఎక్కువ, వెనక తక్కువ ఉండాలి. ఇంజిన్ గదిలో గాలి కిక్కిరిసిపోతే రేడియేటర్ వెనక ఒత్తిడి పెరుగుతుంది, గాలి లోపలికి రావడం తగ్గుతుంది. వెంట్ ఆ ఒత్తిడిని దించుతుంది. కానీ బానెట్ మీద కూడా అన్ని చోట్లా ఒత్తిడి ఒకలా ఉండదు. ముందంచు వంపు దాటగానే గాలి బానెట్‌ని పైకి పీలుస్తుంది. అద్దం మొదలుకి వచ్చేసరికి గాలి అద్దానికి కొట్టుకుని ఒత్తిడి పెరుగుతుంది. మీరు అద్దం దగ్గర కోస్తే వేడి గాలి బయటికి పోదు, బయటి గాలే లోపలికి వస్తుంది. రేడియేటర్ వెనక ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. డబ్బు పెట్టి వేడి కొనుక్కున్నట్టు.

కౌశిక ఒడ్డు | మే 10, రాత్రి 9:52

అదేంటండీ, ఏ కారుకైనా అద్దం కిందే కదా జాలీ ఉండేది? కంపెనీ వాళ్ళకి తెలీదా?

మిల్లు బ్లోవర్ | మే 10, రాత్రి 10:03

మంచి ప్రశ్న. ఆ జాలీ ఇంజిన్‌ది కాదు, మీది. క్యాబిన్‌లోకి, ఏసీ బ్లోవర్‌లోకి గాలి అక్కడినుంచే తీసుకుంటారు. ఒత్తిడి ఎక్కువ ఉన్నచోట పెడితే గాలి తనంతట తానే లోపలికొస్తుంది కాబట్టి అక్కడ పెట్టారు. కొన్ని రేసు బండ్లకి అద్దం వైపు నోరు తెరిచిన బానెట్లు కనిపిస్తాయి, అవి కూడా ఇంజిన్ పీల్చుకునే గాలి కోసమే. కంపెనీ వాళ్ళకి తెలుసు కాబట్టే అక్కడుంది.

గట్టురోడ్డు రేసర్ | మే 10, రాత్రి 10:10

అయితే నా స్కూప్ ఐడియా పోయినట్టేనా గురువుగారూ

మిల్లు బ్లోవర్ | మే 10, రాత్రి 10:14

పోయింది నాయనా. గాలి ఎక్కువై బయటికి పోలేక అవస్థ పడుతుంటే ఇంకాస్త లోపలికి తోస్తానంటావు.

ఆర్సీ పుస్తకం | మే 11, మధ్యాహ్నం 1:40

ఎవరూ ఎత్తని సంగతి ఒకటి. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్ మీద గట్టిగానే చెప్పింది. అదే ఏడాది సవరణలో వచ్చిన 182ఏ కింద, అనుమతి లేని మార్పు చేసిన ఓనరుకి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

బానెట్‌కి చిన్న జాలీ పెట్టినంత మాత్రాన ఎవరో వచ్చి పట్టుకెళ్తారని కాదు. కానీ మీది 2006 బండి. పదిహేనేళ్ళు దాటాక ఐదేళ్ళకోసారి ఆర్సీ రెన్యువల్‌కి బండిని చూపించాలి. చూసే ఇన్‌స్పెక్టర్‌ని బట్టి ఉంటుంది. ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పకుండా చేసిన మార్పు కూడా క్లెయిము రోజున బయటికొస్తుంది. బ్రోచర్లో లేని కంత ఎందుకొచ్చిందని అడుగుతారు. ఒరిజినల్ బానెట్ మాత్రం ముట్టుకోకండి, అదొక్కటే నా సలహా.

రేవుకారు | మే 18, రాత్రి 8:35

వారం రోజులు కనపడలేదు, క్షమించండి. మిల్లుగారు చెప్పినవన్నీ చూశాను. తలదించుకునే రాస్తున్నా.

ఏసీ కండెన్సర్ ముందున్న ఫ్యాన్ తిరగడమే లేదు. రిలే (ఫ్యాన్‌కి కరెంటు వదిలే స్విచ్చు) పోయింది. ఎన్నాళ్ళుగా పోయిందో దేవుడికే తెలియాలి. రేడియేటర్ విప్పించాను. గొట్టాల్లోకి టార్చి వేస్తే సున్నం కొట్టిన గోడలా ఉంది. శుభ్రం చేసినా నిలవదన్నారు, కొత్త కోర్ (ఆ గొట్టాల భాగం) వేయించాను. మూత కొత్తది. బోరు నీళ్ళు బంద్, కలిపి అమ్మే కూలెంటే పోశాను. ఫోము పట్టీలు అసలు లేవు. పరుపుల కొట్లో ఫోము ముక్క తెచ్చి కోసి పెట్టాను, ఎన్నాళ్ళుంటుందో చూడాలి.

నిన్న రేవులో నలభై నిమిషాలు నించున్నా. ముల్లు సగం దగ్గర కదల్లేదు.

అయినా... బానెట్ కొయ్యాలని ఉందండి. అవసరం తీరింది, కోరిక తీరలేదు.

యానాం టాక్సీ | మే 18, రాత్రి 8:41

నిజం చెప్పావు. ఇప్పుడు అందరం హాయిగా మాట్లాడుకోవచ్చు.

మిల్లు బ్లోవర్ | మే 18, రాత్రి 9:20

కోరికైతే నేను అడ్డు చెప్పను. కానీ కొలవకుండా కోయొద్దు. తాపీ మేస్త్రీలు గోడ లెవల్ చూసే పారదర్శక పైపు ఉంటుందే, అది మూడు మీటర్లు చాలు. యు ఆకారంలో వంచి అట్ట మీద కట్టి, సిరా కలిపిన నీళ్ళు సగానికి పోయండి. ఒక కొస బానెట్ కింద ఇంజిన్ గదిలో, రెండోది బానెట్ పైన టేపు వేసి అతికించండి. పైన గొట్టం నోరు గాలికి ఎదురుగా ఉండకూడదు. అడ్డంగా పడుకోబెట్టి మీద పల్చటి రేకు ముక్క అతికించి, దానికి చిన్న చిల్లు పెట్టండి. నీళ్ళు ఎటు లేస్తే ఒత్తిడి అటు తక్కువ.

ఒక లెక్క గుర్తుంచుకోండి. 80 వేగంలో ఎదురుగాలి ఒత్తిడి మొత్తం కలిపి 30 మిల్లీమీటర్ల నీళ్ళకి సమానం. 40లో అందులో పావు వంతే, ఏడున్నర మిల్లీమీటర్లు. వేగం సగమైతే ఒత్తిడి పావుకి పడిపోతుంది. మన గట్టు రోడ్ల మీద వరిగడ్డి ట్రాక్టర్ వెనక 30లో పోతుంటే వెంట్ చేసే పని ఎంతో దీన్నిబట్టే తెలుస్తుంది. నీటి మట్టం తేడా చిన్నదిగా ఉంటుంది కాబట్టి పైపుని నిలువుగా కాకుండా ఏటవాలుగా కట్టండి. ఐదుకి ఒకటి వాటంగా పెడితే ఒక మిల్లీమీటరు తేడా ఐదుగా కనిపిస్తుంది. మిల్లులో డ్రయ్యర్ గాలి మేం అలాగే చూస్తాం.

ఊలు ముక్కలు కూడా అతికించండి, వేలెడు పొడుగు చాలు. గాలి ఎటు పారుతుందో కంటికే కనిపిస్తుంది.

రేవుకారు | మే 23, ఉదయం 9:05

చేశామండి. తెల్లవారుజామున ఐదింటికి 216 హైవే మీద, రాజోలు దాటాక ఖాళీగా ఉండేచోట. తమ్ముడు డ్రైవింగ్, నేను ఒళ్ళో అట్ట పెట్టుకుని పక్క సీట్లో. చూసినవాళ్ళు సెలైన్ ఎక్కించుకుంటున్నానని అనుకుని ఉంటారు.

ముందంచు నుంచి జానెడు వెనక్కి, మధ్యలో: 80లో నీళ్ళు పైగొట్టం వైపు లేచాయి. వాటం లెక్క తీసేస్తే 8 మిల్లీమీటర్లు. బానెట్ నడిమధ్యలో 3. అద్దానికి జానెడు ముందు: నీళ్ళు తిరగబడ్డాయి, అటువైపు 5. నేను ముందనుకున్న చోటు సరిగ్గా అదే! ఊలు ముక్కలు ముందంతా బుద్ధిగా వెనక్కి పడుకున్నాయి, అద్దం దగ్గరవి మాత్రం ఎటు పడితే అటు కొట్టుకున్నాయి.

40లో నీళ్ళు కదిలాయో లేదో చెప్పలేను. అట్ట ఊగడమే ఎక్కువ.

విజయవాడ ఆటోనగర్ వెళ్ళినప్పుడు పాత బానెట్ ఒకటి తెచ్చాను. రంగు వేరు, ఒక మూల సొట్ట, తుప్పు లేదు. కోత దాని మీదే. మేస్త్రిగారూ, ఇంక మీ చేతిలో పెడుతున్నా.

లప్పం మేస్త్రి | మే 23, రాత్రి 9:40

ఇప్పుడు దారికొచ్చారు. చెప్తా వినండి.

బానెట్‌ని బోర్లా వెయ్యండి. ముందు మూడో వంతులో, ఎముకల మధ్య ఖాళీ గళ్ళు మీ ఫోటోలో కనిపిస్తున్నాయి. మీ వెంట్ ఆ గడిలోనే ఇమడాలి. ఇమడకపోతే చిన్న వెంట్ తెచ్చుకోండి గానీ ఎముక కోయకండి. లాక్‌కి జానెడు దూరంలో ఏమీ ముట్టుకోవద్దు. గడి నాలుగు మూలల్లో మూడు మిల్లీమీటర్ల డ్రిల్‌తో కిందనుంచి పైకి చిల్లులు వేయండి. ఇప్పుడు తిప్పి చూస్తే లోపలి గడి ఎక్కడుందో పై రేకు మీద తెలుస్తుంది. పైనంతా మాస్కింగ్ టేపు వేసి, అట్టతో చేసిన కొలత పెట్టి, ఆ చిల్లుల లోపలే పెన్నుతో గీయండి. రెండు వెంట్లయితే నడి గీత ముందు గీసుకుని రెండువైపులా కొలవండి. కంటి అంచనాతో వేస్తే ఒకటి పైకి ఒకటి కిందికి వస్తుంది, జీవితాంతం అదే కనిపిస్తుంది.

మూలలు చతురంగా కోయకూడదు. పదునైన మూల నుంచే రేకు చీలిక మొదలవుతుంది. ముందు నాలుగు మూలల్లో పది మిల్లీమీటర్ల గుండ్రటి చిల్లు వేసి, వాటిని కలుపుతూ కోయండి. గీత మీద కోయకండి, రెండు మిల్లీమీటర్లు లోపల కోసి మిగతాది ఆకురాయితో తీసుకోండి. రేకు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు, ఒకసారి పోతే తిరిగి రాదు.

గ్రైండరా జిగ్‌సానా (సన్న బ్లేడు పైకీ కిందికీ ఆడే చేతి రంపం మిషను) అంటే, నా మాట జిగ్‌సా. ఇనుపరేకుకి వాడే సన్నపళ్ళ బ్లేడు వేయండి, కింద చెక్క ఆనించండి, లేకపోతే రేకు డప్పులా కొట్టుకుంటుంది. గ్రైండర్ బిళ్ళ గుండ్రం కదా, మూల దగ్గరికి వచ్చేసరికి పైన గీత దాటేస్తుంది. వేడికి అంచు దగ్గర రంగు, జింకు పూత కాలిపోతాయి, రేకు అల తిరుగుతుంది. నిప్పురవ్వలు అద్దం మీద పడితే చుక్కలు చుక్కలుగా అతుక్కుని ఇక రావు. కాబట్టి బానెట్ బండి మీద ఉండగా గ్రైండర్ పెట్టనే పెట్టొద్దు. విప్పేముందు కీళ్ళ చుట్టూ పెన్నుతో గీత గీయండి, మళ్ళీ బిగించేటప్పుడు అదే చోట కూర్చుంటుంది. విప్పడానికి ఇద్దరుండాలి. కళ్ళద్దాలు పెట్టుకోండి. లుంగీ కట్టుకుని ఈ పని చేయకండి, నవ్వకండి, చూశాను కాబట్టి చెప్తున్నా.

అన్నిటికంటే ముఖ్యం: కోసిన రోజే ప్రైమర్ (రంగు కింద వేసే తొలిపూత). మన ఉప్పుగాలికి రాత్రి గడిస్తే చాలు, తుప్పు.

రేవుకారు | మే 31, రాత్రి 10:30

కోశాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

బానెట్‌ని పెరట్లో నవారు మంచం మీద వేశాను. జిగ్‌సా అద్దెకి తెచ్చా. మొదటి కంత మేస్త్రిగారు చెప్పినట్టే, ముప్పావు గంటలో వెన్నలా అయింది. రెండోది సగంలో ఉండగా బ్లేడు విరిగింది. ఇంకోటి లేదు. ఆదివారం, కొట్లు మూసేశారు. గ్రైండర్ కళ్ళముందే ఉంది. ఇంకేముంది.

ఒక మూలలో బిళ్ళ గీత దాటి పదిహేను మిల్లీమీటర్లు పోయింది. అది చూసుకుని బాధపడుతుంటే కింద కాలిన వాసన. రవ్వలు పడి నవారు మూడు చోట్ల తెగింది. అది మా నానమ్మ మంచం. బానెట్ కంటే ముందు మంచానికి నవారు అల్లించాలని తీర్పు వచ్చింది.

ఈ గొడవలో చీకటి పడింది, కరెంటు పోయింది. ప్రైమర్ పొద్దున్నే కొడదామని వదిలేశా. తెల్లారి చూస్తే కోసిన అంచు చుట్టూ నారింజ రంగు గీత. ఒక్క రాత్రికే! మేస్త్రిగారు పెంచి చెప్తున్నారనుకున్నా.

లప్పం మేస్త్రి | మే 31, రాత్రి 10:52

తుప్పు పై పైదే, కంగారు పడకండి. 120 నంబరు కాగితంతో మెరుపు వచ్చేదాకా రుద్ది, థిన్నర్‌తో తుడిచి, ఎపాక్సీ ప్రైమర్ రెండు చేతులు కొట్టండి. చిల్లుల లోపలి అంచులకి కూడా బ్రష్‌తో రాయండి, స్ప్రే అక్కడికి చేరదు.

దాటిపోయిన కోత కొసన మూడు మిల్లీమీటర్ల చిల్లు వేయండి, చీలిక ఇంక ముందుకి పోదు. వెంట్ అంచు ఎంత వెడల్పు? పన్నెండైతే మూడు మిల్లీమీటర్లు బయట కనిపిస్తుంది. అక్కడ మిగ్ వెల్డింగ్‌తో (కరెంటుతో సన్న తీగ కరిగించే వెల్డింగ్) చుక్క పెట్టించి, తడిగుడ్డతో చల్లార్చి, మళ్ళీ చుక్క పెట్టించాలి. ఒకే ఊపులో లాగిస్తే రేకు బొబ్బ లేస్తుంది. గ్యాస్ వెల్డింగ్ వాడి దగ్గరికి తీసుకెళ్ళారా, నాకు చెప్పొద్దు.

ఆర్సీ పుస్తకం | జూన్ 1, ఉదయం 8:02

నానమ్మగారి అనుమతి లేని మార్పుకి సెక్షన్ ఎంతో చట్టంలో లేదు.

కౌశిక ఒడ్డు | జూన్ 1, ఉదయం 8:40

ఇంతకీ వాన సంగతి? ఇంకో రెండు వారాల్లో మొదలవుతుంది. కంతలోంచి నీళ్ళు నేరుగా ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జి చేసేది) మీద పడితే? నేను పాత జీపుకి ఇలాగే చేసి, ముసురు పట్టిన నాలుగో రోజున తోసుకుంటూ ఇంటికెళ్ళాను.

రేవుకారు | జూన్ 8, రాత్రి 9:10

కౌశికగారు అడిగినందుకే బిగించేముందు ఒక పని చేశా. బానెట్ వేసి, కంతల్లోంచి మగ్గుతో పసుపు నీళ్ళు పోసి, ఎత్తి చూశా. ఎక్కడెక్కడ పసుపు పడిందో తెలిసిపోయింది. ఎడమది రేడియేటర్ వెనక ఖాళీలో పడుతోంది, చింత లేదు. కుడిదాని కింద వైర్ల కనెక్టర్ ఒకటుంది. దాని కింద అల్యూమినియం రేకుతో చిన్న తొట్టి చేసి, ఒకవైపు వాలు పెట్టి, సన్న గొట్టంతో కిందికి వదిలాను. తొట్టికీ కంతకీ మధ్య రెండంగుళాలు సందు ఉంచా, గాలి పక్కనుంచి పోవాలి కదా.

ప్లాస్టిక్ వెంట్లు తిప్పి పంపేశా. ఎండలో చేత్తో వంచితేనే తెల్లబడుతున్నాయి. లోకల్‌గా అల్యూమినియం రేకుతో వెనక్కి తిరిగిన రెక్కలు వంపించుకున్నా. ఇనుప బానెట్ మీద అల్యూమినియం నేరుగా ఆనితే ఉప్పుగాలిలో అల్యూమినియం పొడిపొడిగా రాలుతుందని తమ్ముడు చెప్పాడు (వాడు హేచరీలో పంపుల పని చేస్తాడు). అందుకని రెండిటికీ రంగు వేసి, మధ్యలో పాలీయురేథేన్ సీలెంట్ పరిచి, స్టీల్ మరలకి ప్లాస్టిక్ వాషర్లు పెట్టి బిగించా.

మొదటి రోజు 90లో పై రేకు గడగడా వణికింది. మేస్త్రిగారికి ఫోను చేస్తే, పై రేకుకీ ఎముకకీ మధ్య ఉండే మెత్తటి జిగురు కోతలో ఊడి ఉంటుందన్నారు. నిజమే. సీలెంటే నాలుగు చోట్ల కుక్కాను, ఆగింది.

మిల్లు బ్లోవర్ | జూన్ 8, రాత్రి 9:44

బాగుంది. ఇప్పుడు అసలు పరీక్ష. తెరిచి రెండు రోజులు, కిందనుంచి అట్ట వేసి మూసి రెండు రోజులు నడపండి. అదే రేవు, అదే వేళ, అదే ఏసీ. లేకపోతే కొత్త రేడియేటర్ చేసిన మేలంతా వెంట్ ఖాతాలో రాసుకుంటారు.

రేవుకారు | జూన్ 17, రాత్రి 8:50

చేశా. మొదట ఇంట్లో కరోనా నాటి జ్వరం చూసే తుపాకీ పట్టుకుని వెళ్ళా. 43 దాటితే అది చేతులెత్తేస్తుంది. తర్వాత తమ్ముడి దగ్గర పంపులకి వాడేది తెచ్చా.

రేవులో అరగంట ఆగినప్పుడు: ముల్లులో తేడా లేదు. మూసినా సగమే, తెరిచినా సగమే. ఫ్యాన్ తిరిగి ఆగే సమయం కాస్త తగ్గినట్టు అనిపించింది గానీ ఒట్టేసి చెప్పలేను. హైవే మీద 80లోనూ అంతే. అంటే రేడియేటర్, ఫ్యాన్ బాగున్నాక ముల్లు దించడానికి వెంట్‌కి పని మిగల్లేదు.

తేడా కనిపించింది ఇంజిన్ ఆపాక. మూసి ఉన్నప్పుడు ఆపిన పది నిమిషాలకి ఎయిర్ ఫిల్టర్ డబ్బా మీద 71 డిగ్రీలు, తెరిచి ఉన్నప్పుడు 58. రెండు రోజులూ దాదాపు అంతే. ఆ వేడి మీద స్టార్ట్ చేస్తే ఇదివరకు బండి ఒక దగ్గు దగ్గేది, ఇప్పుడు దగ్గడం లేదు. పంటు దిగాక రెక్కల మీద చెయ్యి పెడితే సెగ తెలుస్తుంది. సాయంత్రం పూట అక్కడ గాలి వణుకుతూ కనిపిస్తుంది, అది చూడ్డానికి బాగుంటుంది. దానికి డిగ్రీలు లేవు.

మిల్లు బ్లోవర్ | జూన్ 17, రాత్రి 9:15

ఈ ముక్క రాసినందుకు మీకు దండం. వెంట్ పెట్టినవాళ్ళెవరూ ముల్లు కదల్లేదని ఒప్పుకోరు. ఆగాక ఫ్యాన్ ఉండదు, గాలి ఉండదు, వేడి గాలి తేలిక కాబట్టి పైకే పోవాలి. పైన దారి లేకపోతే అక్కడే ఉడుకుతుంది. మీ కంతలు చేస్తున్న పని అదే.

కౌశిక ఒడ్డు | జూలై 4, మధ్యాహ్నం 12:20

మూడు రోజులుగా వదలని వాన. బండి ఎలా ఉంది?

రేవుకారు | జూలై 4, మధ్యాహ్నం 3:05

నడుస్తోందండి. తొట్టిలో కొబ్బరి పూత రాలి గొట్టం మూసుకుపోయింది ఒకసారి, దోమతెర ముక్క కట్టా. రాత్రి ఆరుబయట పెడితే పాత ఫ్లెక్సీ ముక్క కప్పుతున్నా. ఎడమ వెంట్ మూలలో ఒక మర దగ్గర గోధుమరంగు మరక కనిపిస్తోంది. విప్పి చూడాలి, వాన తెరిపివ్వాలి.

పాత బానెట్ గుడ్డలో చుట్టి సావిట్లో గోడకి ఆనించా. రెన్యువల్‌కి వెళ్ళేటప్పుడు నాలుగు బోల్టులు, ఇద్దరు మనుషులు.

గట్టురోడ్డు రేసర్ | జూలై 4, సాయంత్రం 6:48

అన్నా, కోత కొలతలు చెప్పవా? నాదీ అదే మోడల్. స్కూప్ కాదు, ఒట్టు.

రేవుకారు | జూలై 4, రాత్రి 7:30

ఒక్కో కంత 230 బై 110 మిల్లీమీటర్లు, ముందంచు నుంచి 210 వెనక్కి. కానీ నా గడి కొలత నీ గడికి కుదురుతుందని నమ్మకు, ముందు బోర్లా వేసి చూసుకో. అట్ట నా దగ్గరే ఉంది, మంగళవారం నరసాపురం వస్తున్నా, రేవు దగ్గర తీసుకో. జిగ్‌సా బ్లేడ్లు రెండు కొనుక్కో. నీ రేడియేటర్‌లో ఏ నీళ్ళున్నాయి?

గట్టురోడ్డు రేసర్ | జూలై 4, రాత్రి 7:33

...మోటారు నీళ్ళు